భౌతికశాస్త్రం లెక్కలు – 4వ పాఠం: బ్రేకు వేస్తే కారు ఎంత దూరంలో ఆగుతుంది?

ముందుగా పోయిన పాఠంలో మిగిలిన లెక్క. ఒక కిలోవాట్ అవర్‌కి ఎన్ని జౌళ్లు? వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. 1,000 వాట్లు, 3,600 సెకన్లు. గుణిస్తే 36 లక్షల జౌళ్లు. పేరులో గంట ఉంది కదా అని దాన్ని కాలం అనుకోకండి, అది శక్తే.

ఇక ఇవాళ్టి లెక్క. 1,000 కిలోల కారు గంటకు 72 కి.మీ. వేగంతో పోతోంది. బ్రేకు వేస్తే 5,000 న్యూటన్ల బలం దాన్ని ఆపుతోంది. బ్రేకు పడ్డాక ఎంత దూరం వెళ్లి ఆగుతుంది? కింద చదివే ముందు కాగితం మీద ఒకసారి చేసి చూడండి.

దారి తేలికే. కదిలే వస్తువుకు గతిజ శక్తి ఉంటుంది: ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. ఆ శక్తి మొత్తం పోయేదాకా కారు ఆగదు. దాన్ని పోగొట్టేది బ్రేకు బలం చేసే పని, అంటే బలం × దూరం. రెండూ సమానం చేస్తే దూరం వచ్చేస్తుంది.

నేర్చుకునే రోజుల్లో నేను నేరుగా 72నే వర్గం చేశాను. 5,184 వచ్చింది. దాన్ని 1,000తో గుణించి, సగం చేసి, 5,000తో భాగిస్తే 518 మీటర్లు. అర కిలోమీటరు దాటాక ఆగే కారా! అయినా అప్పుడు నాకు అనుమానం రాలేదు. జవాబు కింద రెండు గీతలు కూడా కొట్టాను.

తప్పు ప్రమాణాల్లో ఉంది. జౌల్, న్యూటన్ రెండూ మీటర్లు, సెకన్ల మీద కట్టినవి. కాబట్టి వేగాన్ని కూడా అందులోకే మార్చాలి. 72 కి.మీ. అంటే 72,000 మీటర్లు, గంటంటే 3,600 సెకన్లు. భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. 5/18తో గుణించమని బట్టీ పట్టిస్తారు గానీ, టెన్షన్‌లో అది 18/5 అయిపోతుంది. ఇలా విడదీసి రాస్తే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు 20 వర్గం 400. గతిజ శక్తి 2 లక్షల జౌళ్లు. 5,000తో భాగిస్తే 40 మీటర్లు. ఆ 2 లక్షల జౌళ్లలో ఎక్కువ భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది.

వేగాన్ని సగం చేసి మళ్లీ వేయండి. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. శక్తి 50,000 జౌళ్లు, దూరం 10 మీటర్లు. వేగం సగమైతే దూరం పావు వంతుకు పడిపోయింది. వర్గం చేసే పని ఇదే.

అంకె పక్కన ప్రమాణం రాయడం చాదస్తం అనిపిస్తే ఒక సంగతి. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుణ్ణి చేరగానే పోయింది. ఒకరు పౌండ్-ఫోర్స్ ప్రమాణంలో ఇచ్చిన అంకెల్ని ఇంకొకరు న్యూటన్ల ప్రమాణంలో ఉన్నాయనుకున్నారు. ఒక పౌండ్-ఫోర్స్ సుమారు 4.45 న్యూటన్లు.

ఇంటిపని ఒకటే. సెకనుకు 20 మీటర్ల వేగం రావాలంటే వస్తువును ఎంత ఎత్తు నుంచి వదలాలి? గాలి నిరోధం లేదనుకోండి, గురుత్వ త్వరణం 9.8 తీసుకోండి. ద్రవ్యరాశి ఇవ్వలేదేమిటని ఆగిపోకండి, రెండు వైపులా రాసి చూడండి. జవాబు 20 మీటర్ల కంటే కాస్త ఎక్కువ రావాలి. 200 వస్తే 9.8తో భాగించడం జారిపోయినట్టే.