పాత బీజగణిత పుస్తకంలోని సమీకరణాన్ని తప్పు లేకుండా చదవడం ఎలా?

ఐరోపాలో 1489 నుంచి 1637 దాకా అచ్చయిన బీజగణిత పుస్తకాల స్కాన్లు ఇప్పుడు పెద్ద గ్రంథాలయాల సైట్లలో ఉచితంగా దొరుకుతున్నాయి. చాలామంది తెరుస్తారు, తెలిసిన గుర్తు ఒకటి కనబడగానే సంబరపడి, దానికి ఈనాటి అర్థం అంటగట్టి, తప్పులో కాలేస్తారు. అలా జరగకుండా చదివే పద్ధతి ఇది. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, లాటిన్ రానక్కర్లేదు.

కావాల్సినవి: పేజీల స్కాన్, గీతల్లేని తెల్లకాగితం, పెన్సిల్, ఎర్ర పెన్ను, క్యాలిక్యులేటర్. గీతల కాగితం పనికిరాదు. అక్షరం మీది అడ్డగీత, కాగితం గీత కలిసిపోతాయి. ఎవరో టైపు చేసి పెట్టిన ప్రతి మీద ఆధారపడొద్దు. టైపు చేసినవాళ్లు సగం గుర్తుల్ని ‘సరిచేసి’ ఉంటారు.

1. ముందు సంవత్సరం, ఊరు

ముఖపత్రం మీదో చివరి పేజీలోనో రోమన్ అంకెల్లో ఉంటాయి. కాగితం పైన రాసుకోండి. తర్వాతి మెట్లన్నిటికీ తాళంచెవి ఇదే. సమానం గుర్తును రాబర్ట్ రికార్డ్ 1557లో లండన్‌లో అచ్చేశాడు కదా అని 1580 నాటి పుస్తకంలో దాని కోసం వెతక్కండి. రికార్డ్ తర్వాత అది మళ్లీ అచ్చులో కనబడింది 1618లో. ‘ఫలానా గుర్తు ఫలానా ఏడాది పుట్టింది’ అనే పట్టికలు క్విజ్ పోటీలకు బాగుంటాయి గానీ, పేజీ చదవడానికి కొరగావు. పుట్టడం వేరు, ఊరంతా వాడడం వేరు.

2. మక్కికి మక్కి రాయండి

వరుసను ఉన్నదున్నట్టు దించండి. చుక్కలు, అక్షరాల మీది గీతలు, రెండు చుక్కలు అన్నీ రావాలి. ‘ఎక్స్’ మాత్రం రాయకూడదు. తెలియని రాశికి ఎక్స్, వై, జెడ్ అనే అలవాటును 1637లో లైడెన్‌లో అచ్చయిన రెనే డెకార్ట్ జ్యామితి స్థిరపరిచింది. అంతకు ముందరి పేజీలో ఎక్స్ రాశారంటే ఆ పేజీని చదవడం మానేసి, మీ స్కూలు పుస్తకాన్ని చదువుతున్నట్టే. ‘య’ రాయండి. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అని, కురచగా ‘యా’ అని రాశాడు. రెండో రాశికి కాలకం, మూడోదానికి నీలకం, అంటే రంగుల పేర్లు. మనకు ఉన్నది వదిలి అరువు అక్షరం ఎందుకు?

3. ఘాతాల పేర్లు

ఇటలీ పుస్తకాల్లో ‘కో’ అంటే కోసా, మన య. ‘చె’ అంటే చెన్సో, య వర్గం. ‘కు’ అంటే ఘనం. లాటిన్‌లో రెస్, కెన్సుస్, కుబుస్. లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చేయించిన గ్రంథంలో ఇవే. జర్మన్ పుస్తకాల్లో ఒక్కో ఘాతానికి ఒక్కో వంకర అక్షరం ఉంటుంది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఒకటి, జర్మన్లూ రికార్డూ ఉత్త అంకె పక్కన కూడా ఒక గుర్తు పెడతారు. రికార్డ్ పుస్తకంలోని మొదటి సమీకరణంలో 14 పక్కన ఒక గుర్తు, 15 పక్కన ఇంకో గుర్తు, 71 పక్కన మళ్లీ ఆ రెండో గుర్తే ఉంటాయి. రెండు తెలియని రాశులు అనుకుంటే పోయినట్టే. రెండోది ‘ఇది ఉత్త సంఖ్య’ అని చెప్పే గుర్తు. సమీకరణం 14య + 15 = 71, జవాబు 4.

రెండోది, జంట పేర్లు. రికార్డ్ దగ్గర వర్గం, ఘనం పేర్లు కలిపితే గుణించాలి: రెండు మూళ్లు ఆరు, అంటే ఆరో ఘాతం. ఫ్రాంస్వా వియేట్ 1591లో రాసిన పుస్తకంలో అదే జంటను కూడాలి: అయిదో ఘాతం. భాస్కరుడి సంప్రదాయంలో వర్గఘనం ఆరోదే. అయిదోది కావాలంటే చివర ‘ఘాతం’ అనే మాట చేర్చి వర్గఘనఘాతం అంటారు. పుస్తకంలో ఎక్కడో ఘాతాల వరుస ఇచ్చే ఉంటారు. అది దొరికేదాకా జంట పేరు కింద అంకె వేయొద్దు.

4. కూడిక, తీసివేత

‘పి’ మీద గీత లేదా పక్కన రెండు చుక్కలుంటే కూడిక, ‘ఎమ్’కు అలా ఉంటే తీసివేత. ఆ రెండు చుక్కలు నిష్పత్తి కాదు.

ఈనాటి గుర్తులు మొదట అచ్చయింది యోహానెస్ విడ్మన్ 1489లో లైప్‌జిగ్‌లో వేయించిన వర్తకుల లెక్కల పుస్తకంలో. అక్కడ వాటి పని బరువు ఎక్కువా తక్కువా చెప్పడం. పదమూడు అత్తిపండ్ల పీపాల లెక్కలో ‘4 + 5’ అంటే 4 సెంట్నర్ల మీద 5 పౌన్లు, ‘4 − 17’ అంటే 4 సెంట్నర్లకు 17 పౌన్లు తక్కువ. సెంట్నర్‌కు 100 పౌన్లు. ‘4 + 5’ చూసి 9 అని వేశారంటే లెక్క అక్కడే మునిగింది. పదమూడింటివి విడిగా కూడితే 43 సెంట్నర్లు, ఎక్కువలు 239, తక్కువలు 75. ఖాళీ పీపా బరువు ఒక్కోటి 24 చొప్పున 312. 4300కు 239 కూడితే 4539, 75కు 312 కూడితే 387. 4539లోంచి 387 తీసేస్తే 4152 పౌన్ల పండ్లు. విడ్మన్ ఇచ్చిన జవాబూ అదే.

5. గుర్తుకు అర్థం ఆ పుస్తకంలోంచే తేల్చడం

చదవడం చెడేది ఇక్కడే. ఇంతవరకూ వచ్చింది గంటలో అయిపోతుంది. దీనికి పూట పట్టినా తొందరపడకూడదు.

ముందుగా, రూపం ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. రెండు సమాంతర గీతలు రికార్డ్ దగ్గర సమానం, వియేట్ 1591 పుస్తకంలో రెండు రాశుల తేడా. చుక్కల మధ్య అడ్డగీతను యోహాన్ రాన్ 1659లో జ్యూరిక్‌లో భాగహారానికి వాడాడు. అదే గుర్తు కొన్ని జర్మన్, ఉత్తర ఐరోపా పుస్తకాల్లో తీసివేత. పెషావర్ దగ్గర 1881లో దొరికిన బఖ్షాలీ అనే పాత లెక్కల చేతిరాత ప్రతిలో అంకె తర్వాత కూడిక గుర్తు కనిపిస్తే ఆ అంకె ఋణం! భాస్కరుడు ఋణానికి అంకె నెత్తిన చుక్క పెట్టాడు. స్కాన్‌లో అది దుమ్ములా కనిపిస్తుంది, చెరిపేయొద్దు. డెకార్ట్ తన జ్యామితి పుస్తకంలో సమానానికి రెండు గీతలు వాడలేదు. పడుకోబెట్టిన 8 అంకెకు ఎడమ కొస తెరిచినట్టుండే గుర్తు వాడాడు. దాన్ని అనంతం అనుకునేవాళ్లు కోకొల్లలు.

అందుకే నియమం: గుర్తుకు మీరు అనుకున్న అర్థాన్ని ఎర్ర పెన్నుతో దాని కింద రాయండి, పుస్తకంలోని జవాబును అందులో వేసి చూడండి. పొసగకపోతే తప్పు మీ అర్థానిదే.

వర్గమూలం దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే మూలం ఎంతదూరం వర్తిస్తుందో చెప్పే కుండలీకరణాలు అప్పటికి వాడుకలో స్థిరపడలేదు. డాక్టరు చీటీ పైన కనిపించే, తోక కొట్టిన ‘ఆర్’ ఇక్కడ మూలం. చీటీలో లాటిన్‌లో ‘తీసుకో’ అనే మాటకు, ఇక్కడ ‘వేరు’ అనే మాటకు సంక్షిప్తం.

జిరొలామో కార్డానో పెద్ద గ్రంథం 1545లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. అచ్చేసింది పెట్రేయస్, రెండేళ్ల ముందు కోపర్నికస్ పుస్తకం అచ్చేసినవాడే. అందులో పదకొండో అధ్యాయం సమీకరణం: కుబుస్ పి: 6 రేబుస్ ఎక్వాలిస్ 20. అంటే య³ + 6య = 20. జవాబు వరుస ఇలా ఉంటుంది:

ఆర్ వి: కుబ్: ఆర్ 108 పి: 10 ఎమ్: ఆర్ వి: కుబ్: ఆర్ 108 ఎమ్: 10

‘ఆర్’తో ‘కుబ్’ ఉంటే ఘనమూలం, ఉత్త ‘ఆర్’ అయితే వర్గమూలం. ‘వి’ని వదిలేసి, మూలం 108 దగ్గరే ఆగిందనుకోండి. ఒకే ఘనమూలం ఓసారి కూడి, ఓసారి తీసేసి, 10 కూడి 10 తీసేస్తాం. సున్నా వస్తుంది. సున్నా ఘనం, ఆరు సున్నాలు కలిపితే 20 కాదు.

మొదటి ‘వి’ వరుస చివరిదాకా పాకిందనుకోండి. సుమారు 2.7 వస్తుంది. సమీకరణంలో వేస్తే 36 దగ్గర తేలుతుంది. అదీ కాదు.

‘వి’ అంటే ఉనివెర్సాలిస్, మొత్తానికీ అని. ఇక్కడ అది తన తర్వాత వచ్చే రెండు పదాలకు మాత్రమే వర్తిస్తుంది. 108 వర్గమూలం 10.392. పది కూడి ఘనమూలం తీస్తే 2.732. పది తీసేసి ఘనమూలం తీస్తే 0.732. తేడా 2. ఎనిమిదీ పన్నెండూ ఇరవై. పొసిగింది.

ఇంకో సాక్ష్యం కూడా తీసుకోండి. గుర్తుల వరుసకు ముందు కార్డానో నియమాన్ని మాటల్లో చెప్తాడు: 6లో మూడో వంతు ఘనం 8, 20లో సగం వర్గం 100, రెండూ కలిపి 108, దాని వర్గమూలానికి 10 కూడు, ఇంకోచోట తీసెయ్, రెంటికీ ఘనమూలాలు తీసి తేడా చూడు. మాటల్లోని నియమం, జవాబు, మీ ఎర్ర అర్థం, మూడూ ఒక్కటయ్యేదాకా కాగితం మడవొద్దు. కొందరు నేరుగా ఆధునిక అనువాదం చూసి ముగిస్తారు. అక్కడ కుండలీకరణాలు ముందే పెట్టేసి ఉంటారు. అది చదవడం కాదు, నమ్మడం.

అచ్చు తప్పు అనే మాట ఆఖరున వాడండి. అచ్చు తప్పులు లేవని కాదు. ‘పి’, ‘ఎమ్’ తారుమారైన చోట్లు తగులుతాయి. కానీ మూడు అర్థాలు వేసి చూశాకే అచ్చు గదిని అనుమానించండి.

6. చోటు రాసుకోవడం

పుట సంఖ్య, లేకపోతే ఆకు అడుగున అచ్చేసిన మడత గుర్తు రాయండి. రికార్డ్ పుస్తకంలో పుట సంఖ్యలు లేవు. సమానం గుర్తు వచ్చే చోటు ‘ఎఫ్ఎఫ్’ మడత మొదటి ఆకు వెనక వైపు. స్కాన్ సైటు చూపించే పేజీ అంకె రాసుకోవద్దు. అట్టలూ ఖాళీ ఆకులూ కలిపి వేసిన అంకె అది, ఇంకో గ్రంథాలయం స్కాన్‌లో మారిపోతుంది.