బొగ్గు గని దగ్గర సెట్లింగ్ పాండ్ కడుతున్నారా? ముందు విస్తీర్ణం చూడండి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా, బల్లార్‌పూర్ వైపు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. జూన్ నెలాఖరులో రెండు గట్టి వానలు పడ్డాయంటే ఓబీ డంపు (బొగ్గు పైనున్న మట్టి, రాళ్లు తీసి పోసిన గుట్ట) మీది మట్టి, బొగ్గు పొడి కలిసి వాగులోకి దిగుతాయి, ఒడ్డున ఉన్న పత్తి చేలల్లో మేట వేస్తాయి, మిగిలింది వార్ధా నదిలో కలిసి ప్రాణహిత దాకా పోతుంది. దాన్ని సెట్లింగ్ పాండ్‌తో, అంటే బురద నీళ్లను నిలిపి మట్టిని అడుగుకు దిగనిచ్చే కుంటతో, గని హద్దు దాటకుండా ఆపొచ్చు. లోతుగా ఓ గుంత తవ్వితే చాలు అనుకున్నప్పుడే పని చెడుతుంది.

ముందు నీళ్లను విడగొట్టండి. పైనుంచి వచ్చే మంచి వాన నీళ్లు డంపును తాకకుండా వేరే కాలువలో పక్కకు మళ్లించాలి, లేకపోతే అనవసరంగా రెండింతల పాండ్ కట్టాల్సి వస్తుంది. డంపు అడుగున టో వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ), దాని చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ (డంపును చుట్టి వచ్చే కాలువ), ఆ డ్రెయిన్ నీళ్లు మాత్రమే పాండ్‌కు రావాలి.

ఇక సైజు. 10 హెక్టార్ల డంపు, గంటకు 50 మి.మీ. వాన, పడినదాంట్లో 0.6 వంతు పారుతుందని తీసుకుందాం. ఈ మూడూ గుణించి, కొలతలు కుదర్చడానికి 360తో భాగిస్తే సెకనుకు 0.83 ఘనపు మీటర్లు వస్తుంది. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మట్టి రేణువు నిలకడ నీళ్లలో సెకనుకు 0.36 మి.మీ. చొప్పున కిందికి దిగుతుంది. నీటి ప్రవాహాన్ని ఈ వేగంతో భాగించి, జాగ్రత్త కోసం 1.2తో హెచ్చిస్తే సుమారు 2,800 చదరపు మీటర్లు. అది నీటి పైభాగం వైశాల్యం, అంటే పాండ్ విస్తీర్ణం. ఎందుకు లోతు లెక్కలోకి రాలేదంటే, లోతు రెట్టింపు చేస్తే నీళ్లు నిలిచే సమయం రెట్టింపవుతుంది, కానీ రేణువు దిగాల్సిన దూరం కూడా రెట్టింపవుతుంది, లాభమేమీ మిగలదు. పూడిక చేరడానికి, అడుగు మట్టి మళ్లీ లేవకుండా ఉండడానికి లోతు కావాలి, అంతే. మీ లెక్కలో వాన అంకెను మాత్రం ఆ ప్రాంతపు పాత రికార్డులు చూసి వేయండి. గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా 50 ఏళ్ల వాన లెక్క మీద 50 శాతం అదనంగా ఉంచమని రాసి ఉంటుంది.

ఇక్కడ బొగ్గు గనులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బొగ్గు పొడి మట్టికంటే చాలా తేలిక, అదే సైజు రేణువు అయిదో వంతు వేగంతోనే దిగుతుంది. కోల్ యార్డు (బొగ్గు నిల్వ చేసే చోటు) నీళ్లకు వేరే పాండ్ పెట్టండి, ఓబీ నీళ్లతో కలపకండి. రేగడి బంకమట్టి ఇంకా మొండిది: 2 మైక్రాన్ల రేణువు మీటరున్నర దిగడానికి దాదాపు అయిదు రోజులు పడుతుంది. దానికి పాండ్ పెంచుకుంటూ పోవడం కుదరదు, గ్లాసుల్లో పరీక్ష చేసి తగిన మోతాదులో పటిక కలపాల్సిందే. నీళ్ల ఆమ్లగుణం చెప్పే పీహెచ్ కూడా చూడండి, అది తగ్గితే సున్నం అవసరమవుతుంది.

ఆకారం పొడవుగా ఉండాలి, వెడల్పుకు కనీసం మూడింతల పొడవు, పై లెక్కకు సుమారు 31 బై 93 మీటర్లు. నీళ్లు ఒక చివర వచ్చి ఇంకో చివర పోవాలి. రెండూ ఒకే పక్కన పెడితే నీళ్లు అడ్డదారిన పోతాయి, మిగతా పాండ్ అంతా వృథా. స్థలం లేకపోతే మధ్యలో అడ్డుగోడలు కట్టి నీళ్లను వంకరగా తిప్పండి. పాండ్‌కు ముందు ఒక చిన్న గుంత కచ్చితంగా ఉండాలి, ముతక ఇసుకంతా అందులోనే పడుతుంది, పొక్లెయిన్‌తో ఊరికే ఎత్తేయొచ్చు.

కట్ట గురించి తొందరపడకండి. పై మట్టి, వేళ్లు తీసేసి అడుగున కీ ట్రెంచ్ (కట్టను నేలలోకి దిగేసే కందకం) తవ్వి, 15–20 సెంటీమీటర్ల పొరలుగా తడిపి రోలర్‌తో నొక్కాలి. రేగడి ఎండకు నెర్రెలు బారుతుంది, కాబట్టి దాని మీద మొరం కప్పు వేయండి. డంపు రాళ్లు, నల్ల షేల్ (పలకలుగా విడిపోయే రాయి) కట్టలోకి రానివ్వకండి. పైన మూడు మీటర్ల వెడల్పు ఉంటే మిషన్ నడుస్తుంది, నీటి మట్టం పైన కనీసం అర మీటరు ఖాళీ ఉండాలి. మత్తడిని కొత్త కట్ట మీద కాదు, పక్కన కదిలించని నేల మీద పెట్టి రాతి పరుపు వేయండి. కట్టలు తెగేవి ఎక్కువగా మత్తడి చాలక, లేదా తూము పైపు చుట్టూ నీళ్లు దారి చేసుకుని. ఆ పైపుకు కాంక్రీటు కాలర్ వేసి, చుట్టూ మట్టిని చేత్తో దిమ్మిస పెట్టి గట్టి చేయించండి. తూము పైపొర నీళ్లనే తీసుకునేలా నిలువు పైపు పెట్టాలి. చుట్టూ కంచె వేయండి, పశువులు, పిల్లలు బురదలో దిగబడతారు.

పని ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించండి. లోపల గుర్తులు వేసిన కర్ర పాతి, పూడిక స్థలం సగం నిండగానే తీయించండి, ఆ బురదను మళ్లీ డంపు వాలు మీద పోయకుండా చదునైన చోట, నీళ్లు తిరిగి పాండ్‌కే వచ్చేలా ఆరబెట్టండి.

బొగ్గు గనుల నుంచి వదిలే నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని 2000లో కేంద్రం నియమం పెట్టింది. శాంపిల్ ఎండ రోజు తీస్తే ఏ పాండ్ అయినా పాసవుతుంది, కాబట్టి గట్టి వాన పడుతుండగా లోపలికి వచ్చే చోట ఒక సీసా, బయటికి పోయే చోట ఒక సీసా పట్టి, రెండూ పక్కపక్కన ల్యాబ్‌కు పంపండి.