నీళ్ళు పడని బోర్లనూ లెక్కించాలి: వ్యవసాయ పరిశోధన గ్రాంటు పథకాన్ని బేరీజు వేయడం ఎలా

పోయిన జూన్‌లో, ఒకప్పుడు నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "మేడమ్, నన్ను రివ్యూ కమిటీలో వేశారు. ఆహార, వ్యవసాయ పరిశోధనకు ప్రభుత్వం ఐదేళ్ళుగా గ్రాంట్లు ఇస్తున్న పథకం. నలభై రెండు ప్రాజెక్టులు ఉన్నాయి. ఆరు వారాల్లో రిపోర్టు ఇవ్వాలట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంది. ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. నేను బాపట్లలో చదువుకుని, వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఇలాంటి కమిటీల్లో నాలుగుసార్లు కూర్చున్నాను. తనకు చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. రేపు మీ పేరూ ఏదో ఒక కమిటీలో ఉండొచ్చు.

మొదటి రోజు ప్రాజెక్టు రిపోర్టులు తెరవకండి. పథకం మంజూరైన నాటి ఉత్తర్వు, దానికి ముందు పెట్టిన నోట్ ఫైలు తెప్పించుకోండి. ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నామని ఆ రోజు రాసుకున్నారో ఆ మాటలను ఒక కాగితం మీదికి ఎక్కించండి. ఐదేళ్ళ తర్వాత అందరూ గుర్తుచేసుకునే లక్ష్యం వేరు, ఆ రోజు రాసుకున్నది వేరు. తర్వాత కమిటీని అడుగుతున్న ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. డబ్బు సరిగ్గా ఖర్చయిందా, సరైన ప్రాజెక్టులను ఎంచుకున్నారా, వాటి వల్ల రైతుకూ తినేవాడికీ మేలు జరిగిందా? ఈ మూడు ప్రశ్నలకు మూడు రకాల కాగితాలు కావాలి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యు.సి., ఇచ్చిన డబ్బు ఆ పనికే ఖర్చయిందని రాసిచ్చే కాగితం) మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. దాన్నే పట్టుకుని మూడో ప్రశ్నకు జవాబు రాసిన రిపోర్టులు నేను చాలా చూశాను.

ఇప్పుడు ఒక పెద్ద షీటు తయారు చేయండి. వరుసకో ప్రాజెక్టు. మంచివి, చెడ్డవి, మధ్యలో ఆగిపోయినవి, పి.ఐ. (ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడు) బదిలీ అయ్యాక ఎవరూ పట్టించుకోనివి, అన్నీ అందులో ఉండాలి. శాఖవాళ్ళు మీ చేతిలో ఒక రంగుల పుస్తకం పెడతారు. అందులో ఏడెనిమిది విజయగాథలు ఉంటాయి. అవి అబద్ధాలు కావు. కానీ పథకాన్ని వాటితో కొలవకూడదు.

అమెరికా ఆర్థికవేత్త జ్వీ గ్రిలికస్ 1958లో హైబ్రిడ్ మొక్కజొన్న పరిశోధన మీద పెట్టిన డబ్బుకు ఏటా కనీసం 700 శాతం రాబడి వచ్చిందని లెక్క కట్టాడు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. దాంతోపాటే ఆయన ఇచ్చిన హెచ్చరిక మాత్రం అంతగా తిరగలేదు. బాగా చమురు పడ్డ ఒక్క బావిని తీసుకుని దాని మీద లాభం లెక్కవేయడం లాంటిది ఇది, అసలు కావలసింది ఎండు బావుల ఖర్చు కూడా కలిపిన లెక్క అని ఆయనే రాశాడు. అనంతపురం రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఆరు బోర్లు వేస్తే ఒక్క దాంట్లో నీళ్ళు పడ్డప్పుడు, ఆ నీళ్ళ ఖరీదు ఒక్క బోరు ఖర్చా, ఆరు బోర్ల ఖర్చా? పథకానికీ ఇదే లెక్క. విఫలమైన ప్రాజెక్టులు ఉండటం తప్పేమీ కాదు. పరిశోధన అన్నాక కొన్ని బోర్లలో నీళ్ళు పడవు. వాటిని షీటులోంచి తీసేయడమే తప్పు.

షీటులో తేదీల కోసం నాలుగు గళ్ళు పెట్టండి: ప్రాజెక్టు మంజూరైన తేదీ, మొదటి వాయిదా డబ్బు పరిశోధన కేంద్రానికి చేరిన తేదీ, ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ రీసెర్చ్ ఫెలో, ప్రాజెక్టు జీతం మీద పనిచేసే యువ పరిశోధకుడు) చేరిన తేదీ, మొదటి విత్తనం నేలలో పడిన తేదీ. నా మొదటి కమిటీలో నేను ఇవి చూడలేదు. ఒక వేరుశనగ ప్రాజెక్టు మూడేళ్ళు నడిచి, ఒక్క సీజను డేటాతో ముగిసింది. బద్ధకం అనుకున్నాం. తక్కువ గ్రేడు వేశాం. ఆ తర్వాత ఏడాదికి వేరే పని మీద ఆ కేంద్రానికి వెళ్ళినప్పుడు అకౌంట్స్ రిజిస్టరు నా కంటపడింది. మంజూరు మే నెలలో వచ్చింది. డబ్బు చేరింది మాత్రం అక్టోబరు చివర్లో. అక్కడ వేరుశనగ వేసేది జూన్, జులై వానలకు. అంటే మొదటి ఖరీఫ్ పోయినట్టే. ఎస్.ఆర్.ఎఫ్. జనవరిలో చేరాడు. రెండో ఏడు పంట వేశారు, డేటా వచ్చింది. మూడో వాయిదా, రెండో ఏటి యు.సి. మీద కొర్రీ పడి, నవంబరులో విడుదలైంది. మూడో ఖరీఫ్ కూడా పోయింది. ఆ శాస్త్రవేత్త చేయగలిగిందంతా చేశాడు. మా గ్రేడు ఆయన సర్వీసు రికార్డులో ఉండిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే చెబుతున్నాను, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, పంట సంవత్సరం తొలకరితో మొదలవుతుంది. ఈ రెండిటి మధ్య ఎన్ని సీజన్లు జారిపోయాయో లెక్కపెట్టండి. నలభై రెండు ప్రాజెక్టులకూ కలిపి పోయిన ఖరీఫ్‌లు ఎన్నో ఒక్క వాక్యంలో రాయండి. మొత్తం రిపోర్టులో ఆర్థిక శాఖను కదిలించే వాక్యం అదే కావచ్చు. పక్కనే ఇంకో గడిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన ఖర్చు శాతం వేయండి. డబ్బు ఆలస్యంగా వచ్చిన చోట ఆ రెండు నెలల్లో పరికరాల కొనుగోళ్ళు గుట్టగా పడతాయి. ఆ పరికరాలు ఇప్పుడు వాడుకలో ఉన్నాయా లేదా అన్నది వెళ్ళినప్పుడు లాగ్ బుక్ తెరిచి చూడండి.

ఎంపిక సంగతి. తిరస్కరించిన ప్రపోజళ్ళు కూడా అడగండి. "అవెందుకు మేడమ్?" అంటారు. పట్టుబట్టండి. నిపుణులు వేసిన మార్కుల షీట్లతో సహా కావాలి. కటాఫ్ మార్కుల గీతకు కాస్త పైన ఉండి డబ్బు పొందినవాటినీ, కాస్త కింద ఉండి పొందనివాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మార్కుల్లో వీటికి పెద్ద తేడా ఉండదు. డబ్బు రానివాళ్ళు ఆ పనిని ఇంకో నిధితో ఎలాగూ చేసేశారా? వదిలేశారా? ఈ పథకం లేకపోతే ఏం జరిగేది అన్న ప్రశ్నకు దొరికే సాక్ష్యాల్లో ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. మార్కులు ఎక్కువ వచ్చినదాన్ని పక్కన పెట్టి తక్కువ వచ్చినదానికి డబ్బు ఇచ్చి ఉంటే, కారణం ఫైల్లో రాసి ఉండాలి. రాయకపోతే ఆ మాట రిపోర్టులో పెట్టండి. ప్రపోజల్ వేసినవాళ్ళూ మార్కులు వేసినవాళ్ళూ ఒకే కేంద్రంవాళ్ళయితే అది కూడా పెట్టండి.

ఇక ఫలితాలు. ఇక్కడ తొందరపడితే అందరికీ అన్యాయం చేసినట్టే. వరిలో సంకరం చేసిన రోజు నుంచి రకం విడుదలయ్యేసరికి మామూలుగా ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. ఆ తర్వాత రైతులు వేసి చూడటానికి పంచే చిరుసంచులు, విత్తనోత్పత్తి, డీలరు, రైతు. మూడేళ్ళ ప్రాజెక్టును "ఎన్ని ఎకరాల్లోకి వెళ్ళింది?" అని అడగడం, నారుమడి దగ్గర నిలబడి ధాన్యం తూకం అడగడమే. అమెరికాలో ఆహార, వ్యవసాయ పరిశోధనకు పోటీ పద్ధతిలో గ్రాంట్లిచ్చే ఆఫ్రీ అనే పథకం ఉంది. 2008 వ్యవసాయ చట్టం దానికి ఏటా 70 కోట్ల డాలర్ల దాకా అనుమతించింది. మొదటి ఏళ్ళలో వచ్చింది అందులో సగానికంటే తక్కువే. దాన్ని సమీక్షించిన అక్కడి జాతీయ పరిశోధన మండలి కమిటీ 2014లో రిపోర్టు ఇస్తూ, ఫలితాలను తూచడానికి పథకం వయసు చాలదనీ, ప్రాజెక్టుల సమాచారం వెతికి విశ్లేషించడానికి వీలుగా లేదనీ, పథకం నిర్మాణం చిక్కుగా ఉంది కాబట్టి సరళం చేయాలనీ చెప్పింది. అంత పెద్ద కమిటీ ఇంకా తూచలేమని చెప్పగలిగినప్పుడు మీరూ చెప్పొచ్చు. అయితే అక్కడితో ఆగకండి. మూడేళ్ళలో నిజంగా కనపడేవి కొన్ని ఉంటాయి: చేతిలో ఉన్న లైన్లు (ఇంకా రకంగా విడుదల కాని మొక్కల వరుసలు), జీన్ బ్యాంకుకు (విత్తన నమూనాలు భద్రపరిచే చోటుకు) చేరిన నమూనాలు, ఇంకొకరు వాడుకోగలిగేలా దాచిన డేటా, శిక్షణ పొందిన పిల్లలు. వాటిని లెక్కించండి.

పాత గ్రాంట్ల నుంచి ఒకటి రెండు పంటలను ఎంచుకుని చివరిదాకా వెంబడించండి. ఫోన్ చేసిన నా విద్యార్థినికి మెరుగైన సాంబ మసూరి అనే వరి రకం కథ చెప్పాను. బాపట్లలో 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన సన్న బియ్యానికి పేరు తెచ్చింది. కానీ దానికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద. ఆ తెగులుకు గట్టిగా పనిచేసే మందూ లేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువులను మార్కర్ల (జన్యువు ఉందో లేదో చూపించే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో అందులోకి తెచ్చాయి. ఆ రకం 2008లో విడుదలైంది. ఇలాంటి రకానికి మేలు లెక్కకట్టేటప్పుడే చాలామంది పొరపడతారు.

ఉదాహరణకు ఒక ఊళ్ళో కొత్త రకం వంద ఎకరాల్లో వేశారనుకుందాం. తెగులు వస్తే పాత రకంలో ఎకరాకు ఆరు బస్తాలు పోతాయనుకుందాం. ఏటా ఆరు వందల బస్తాలు మిగిలాయని రాసేస్తారు. ఆగండి. తెగులు ఐదేళ్ళలో రెండేళ్ళే వచ్చిందా? అయితే సగటున ఏటికి రెండు వందల నలభై. వచ్చిన ఏడైనా సగం చేలకే తగిలిందా? నూట ఇరవై. ఈ రకం రాకపోయినా, ఆ పొలంలో పది పాళ్ళకు మూడు పాళ్ళు ఎలాగూ ఇంకో నిరోధక రకానికి మారేదా? మిగిలింది ఎనభై నాలుగు. ఇక ఖర్చు వైపు రండి. గ్రాంటు మొత్తం మాత్రమే వేయకండి, శాశ్వత సిబ్బంది జీతాలు, అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆ జన్యువులను వెతికినవాళ్ళ పనీ ఉంటుంది. పదేళ్ళ తర్వాత వచ్చే వంద రూపాయలు, ఎనిమిది శాతం వడ్డీ లెక్కన, ఈ రోజు నలభై ఆరు రూపాయలే. ఎనభై నాలుగు బస్తాలు చిన్న అంకె అనిపించొచ్చు. కానీ అది నిలబడే అంకె. దాన్ని జిల్లా మొత్తానికి పెంచి చూడండి, మంచి పరిశోధన అప్పుడు కూడా ఖర్చును ఎన్నో రెట్లు దాటుతుంది. పెంచి చెప్పాల్సిన అవసరం దానికి లేదు.

ఊళ్ళోకి వెళ్ళినప్పుడు జీపులో అధికారులను వెంట తీసుకెళ్ళకండి. "కొత్త రకం వేశారా?" అని అడగకండి, మర్యాదకు వేశామంటారు. "పోయిన సార్వాలో ఏం వేశావన్నా? విత్తనం ఎక్కడ కొన్నావు? మళ్ళీ వేస్తావా?" అని అడగండి. సంచీకి కుట్టిన ట్యాగు ఇంట్లో ఉందేమో చూపించమనండి. నీలం రంగుదైతే ధ్రువీకరించిన విత్తనం, తెల్లదైతే దానికి ముందు తరమైన ఫౌండేషన్ విత్తనం. ఒకసారి ఒక పెద్దాయన నాతో, "సాంబే అమ్మా, ఎప్పుడూ వేసేదే. కాకపోతే రెండేళ్ళ నించి ఆకు ఎండటం లేదు" అన్నాడు. గింజ చూస్తే పాత సాంబ, మెరుగైన సాంబ రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే ఆయనకు అది వేరే రకమని తెలియదు. సర్వే కాగితంలో అది పాత రకంగానే పడేది. గుప్పెడు గింజలు కవర్లో వేసుకుని, రైతు పేరుకు బదులు నంబరు రాసి, మార్కర్ పరీక్షకు పంపండి. దానితోపాటు బ్రీడర్ విత్తనం (మూల విత్తనం) ఇండెంట్లు, అంటే దానికోసం వచ్చిన ఆర్డర్లు, వరసగా ఐదేళ్ళవి తీసుకోండి. ఇండెంటు ఏటా పెరుగుతుంటే రకం నిలబడుతున్నట్టు. ఒక్క ఏడు ఎగిరి పడిపోతే ఎవరో సబ్సిడీ మీద పంచి వదిలేసినట్టు.

ఆహార ప్రాసెసింగ్ ప్రాజెక్టులకు పని తేలిక. టెక్నాలజీ లైసెన్సు తీసుకున్నవాళ్ళ జాబితా తెప్పించి అందరికీ ఫోన్ చేయండి. ఇప్పటికీ తయారు చేస్తున్నారా, ఎవరికి అమ్ముతున్నారు? సంతకాల సంఖ్య కంటే ఆ జవాబే ముఖ్యం.

ప్రాజెక్టుల్లో పనిచేసిన ఎస్.ఆర్.ఎఫ్.లను మరిచిపోవద్దు. మూడేళ్ళ జీతం తీసుకుని వెళ్ళిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? విత్తన కంపెనీలోనా, కాలేజీలోనా, ఈ రంగం వదిలేశారా? వాళ్ళ జాబితా ఏ శాఖ దగ్గరా సిద్ధంగా ఉండదు. పి.ఐ.లను అడిగి కూడబెట్టాలి. పథకం మిగిల్చిన ఆస్తుల్లో పెద్దది వీళ్ళేనని నేను నమ్ముతాను.

రిపోర్టు ముప్ఫై పేజీలు దాటనివ్వకండి. డ్రాఫ్టులో ఏ ప్రాజెక్టు గురించి రాశారో ఆ భాగం ఆ శాస్త్రవేత్తకు పంపి, వాస్తవాలు సరిచూడమని పది రోజులు ఇవ్వండి. అభిప్రాయం మార్చుకోనవసరం లేదు, తేదీలూ అంకెలూ మాత్రం సరిదిద్దండి. వేరుశనగ ప్రాజెక్టు విషయంలో మేము ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది. మీరు వేసిన షీటును సాఫ్ట్ కాపీగా శాఖకు అప్పగించి, అందినట్టు రసీదు తీసుకోండి. ఐదేళ్ళ తర్వాత వచ్చే కమిటీకి అది కావాలి.

నా విద్యార్థిని జులైలో మళ్ళీ ఫోన్ చేసింది. తిరస్కరించిన ప్రపోజళ్ళు పాత రికార్డు గదిలో రెండు బీరువాల్లో దొరికాయట. గడువు ఇంకో మూడు వారాలు అడిగి తీసుకుందట. "మేడమ్, నూట పదిహేడు ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను" అంది.