హనీమూన్ బ్యాగులో వైప్స్ పెడుతున్నారా? ఇవి చూసుకోండి

పెళ్లిళ్ల సీజన్. ఊటీకో, అరకుకో టికెట్లు బుక్ అయ్యే ఉంటాయి. కండోమ్‌ల పక్కన తడి వైప్స్ ప్యాకెట్ సర్దుకునేవాళ్లకు ఈ ఐదు ముక్కలు.

• కండోమ్ చిరిగితే వైప్‌ను నమ్ముకోవద్దు. తుడిచినా, కడిగినా గర్భం ఆగదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. మందుల షాపులో చీటీ అడగరు, మొహమాటపడకండి. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే అదే 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. నివారణ మందులు 28 రోజులు వాడాలి.

• పని అయ్యాక ముందు కండోమ్ తీయాలి, తర్వాతే వైప్. అంగం మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తీయాలి. లేదంటే జారి లోపలే ఉండిపోతుంది.

• ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మినరల్ ఆయిల్ ఉంటే, ఆ జిడ్డు మీద మళ్లీ లేటెక్స్ కండోమ్ వేస్తే చిరిగే ప్రమాదం. కొబ్బరినూనె అయినా అంతే.

• ఆల్కహాల్, సెంటు ఉన్నవి వద్దు, మంట. ఆడవాళ్లు పైపైనే, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలి.

• కమోడ్‌లో వేయొద్దు, కండోమ్‌నైనా వైప్‌నైనా. కరగవు. హోటల్ గదిలో ఫ్లష్ జామ్ అయి రిసెప్షన్‌కి ఫోన్ చేసే టెన్షన్ ఎందుకు? కండోమ్‌కి ముడి వేసి, రెండూ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.