రిజర్వేషన్ లెక్కలు – 4వ పాఠం: క్రీమీ లేయర్

కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. అంతటితో అయిపోదు, క్రీమీ లేయర్‌లో, అంటే ఓబీసీల్లోనే రిజర్వేషన్ దక్కని పై వర్గంలో, లేమని కూడా తేలాలి. పత్రికలు దీన్ని సంపన్న శ్రేణి అంటాయి. చిక్కంతా ఆ పేరుతోనే. సంపన్న అనగానే అందరూ జీతాలు కూడుకుంటూ కూర్చుంటారు.

1975లో కేరళ ప్రభుత్వానికీ ఎన్.ఎం. థామస్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ క్రీమీ లేయర్ అనే మాట వాడారు. రిజర్వేషన్ ఫలాలను వెనుకబడినవారిలో పైనున్న మీగడే తన్నుకుపోతోందని ఆయన బాధ. తమాషా ఏమిటంటే, ఆ కేసు ఎస్సీ, ఎస్టీ గుమాస్తాలకు డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసవడానికి ఇచ్చిన అదనపు గడువు గురించి. మాట మాత్రం ఓబీసీలకు అంటుకుంది. 1992 నవంబరు 16న ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఓబీసీల 27 శాతం రిజర్వేషన్‌ను నిలబెడుతూనే ఈ వర్గాన్ని పక్కన పెట్టమంది. అందులో ప్రధాన తీర్పు రాసింది తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. లెక్కలన్నీ 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వులో ఉన్నాయి.

చూడాల్సింది అమ్మానాన్నల హోదా. మీ జీతం, మీ భర్త లేదా భార్య జీతం ఇందులోకి రావు. ముందు ఉద్యోగం చూడండి. ప్రభుత్వోద్యోగాల్లో అన్నిటికన్నా పై మెట్టు గ్రూప్-ఎ, దాని కింద గ్రూప్-బి, ఆ కింద గ్రూప్-సి. ఇద్దరిలో ఒక్కరు గ్రూప్-ఎలో ప్రమోషన్ మీద కాకుండా నేరుగా చేరినా, ఇద్దరూ గ్రూప్-బిలో నేరుగా చేరినా మీరు క్రీమీ లేయరే. గ్రూప్-బిలో నేరుగా చేరిన నాన్న 40 ఏళ్లకో, అంతకు ముందో గ్రూప్-ఎకి వెళ్లినా అంతే. ఇవేవీ కాకపోతేనే ఆదాయం దగ్గరికి రండి. 2017 నుంచి హద్దు ఏడాదికి 8 లక్షలు, అదీ వరసగా మూడేళ్లు దాటితేనే. జీతం, సాగు భూమి మీద వచ్చేది ఇందులో కలపరు.

ఒక ఇల్లు తీసుకుందాం. నాన్న రైల్వేలో గ్రూప్-సి, జీతం 9.6 లక్షలు. రెండెకరాల పొలం మీద లక్ష, షాపు అద్దె 2.4 లక్షలు. మొత్తం 13 లక్షలని టెన్షన్ పడి ఓపెన్ కేటగిరీలో అప్లై చేసేస్తారు చాలామంది. లెక్కలోకి వచ్చేది అద్దె ఒక్కటే, 2.4 లక్షలు. నిశ్చింతగా ఓబీసీ సర్టిఫికెట్‌కు పెట్టుకోవచ్చు. అదే నాన్న షాపు వ్యాపారం మీద మూడేళ్లుగా 8.5 లక్షలు సంపాదిస్తుంటే దారి మూసుకున్నట్టే.

అభ్యాసం: నాన్న గ్రూప్-బిలో నేరుగా చేరి, 43వ ఏట గ్రూప్-ఎ అయ్యారు. అమ్మకు ఉద్యోగం లేదు, ఇంటి అద్దె 3 లక్షలు. వీళ్లమ్మాయి సంగతేంటి? కారణంతో సహా రాయండి.