టు-లెట్ బోర్డు పెట్టే ముందు

హైదరాబాద్‌లో మే నెల నుంచే ఇళ్లు మారే హడావిడి. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు కుటుంబాలు సర్దుకోవాలి. ఫ్లాట్ ఖాళీ అవుతుంటే ఇవి చూసుకోండి.

అద్దెలో రెండు వేలు ఎక్కువ కోసం పట్టుబట్టి ఇల్లు ఖాళీగా ఉంచొద్దు. 25,000 వచ్చే ఫ్లాటుకు ఒక్క నెల తాళం వేస్తే పోయేది 25,000. ఆ రెండు వేలు పదకొండు నెలలు కలిపినా 22,000. పైగా ఆ నెల మెయింటెనెన్స్ మీదే. నిరుడు మియాపూర్ ఫ్లాటుకు నేను ఇలాగే పాత రేటు పట్టుకుని కూర్చున్నాను. పక్క వీధిలో కొత్త టవర్ తాళాలు ఇస్తోందని గమనించలేదు. రెండు నెలలు పోయాయి.

ఆన్‌లైన్‌లో కనిపించేది అడిగే రేటు, కుదిరిన రేటు కాదు. పక్క అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లను అడగండి. పోయిన నెల ఎవరు ఎంతకు దిగారో వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఉన్నవాళ్లు వేళకు కడుతుంటే పెంపు దగ్గర మెత్తగా ఉండండి. వాళ్లు వెళ్తే రంగులు, బ్రోకర్ కమీషన్ మీ నెత్తినే పడతాయి.

చూపించే ముందు రోజే వెళ్లి కిటికీలు తీయండి, కుళాయిలు వదలండి. వాడని బాత్రూంలో జాలీ కింద నీరు ఎండిపోయి డ్రైనేజీ వాసన కొడుతుంది. వచ్చినవాళ్లు గుమ్మంలోంచే తిరిగిపోతారు.

ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయండి. అడ్వాన్స్ గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

అద్దె నెలకు 50,000 దాటితే 2 శాతం టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) కోయాల్సింది అద్దెకుండేవాళ్లు. ఓనర్ ఎన్నారై అయితే ఆ పరిమితి వర్తించదు, కోత కూడా చాలా ఎక్కువ. ముందే చెప్పండి.