ఇంగ్లీషు నుడికారం – 9వ పాఠం: పండు కాని రాస్ప్‌బెర్రీ

పోయిన పాఠంలో 'బూ' చూశాం. అది గుంపు చేసే గోల. ఇవాళ్టిది ఒక్కరు చాలు.

నాలుక కొన బయటపెట్టి, పెదాలు బిగించి గట్టిగా ఊదండి. బుర్ర్‌ర్ అని ఉమ్మితో సహా వచ్చిందా? అదే 'రాస్ప్‌బెర్రీ'. (ఎదురుగా ఎవరూ లేనప్పుడే ప్రాక్టీసు చేయండి.) పలికేటప్పుడు 'ప' వినబడదు, 'రాజ్‌బెరి' అంటారు. మా ఇంట్లో పసిపిల్లలు ఇలా బుర్రుమంటే వాన వస్తుందనేవారు. లండన్‌లో పెద్దవాళ్లు చేస్తే వెక్కిరింపు.

పండు పేరెందుకు? తూర్పు లండన్ కాక్నీ జనానికి ప్రాసలో మాట దాచడం సరదా. అసలు మాటకు ప్రాస కుదిరే జంట పదం వెతికి, చివరికి ప్రాస ఉన్న ముక్కనే వదిలేస్తారు. 'స్టెయిర్స్'కి 'ఆపిల్స్ అండ్ పేర్స్', పైకి అనేది 'ఆపిల్స్' మాత్రమే. అలాగే 'ఫార్ట్', అంటే పిత్తు. దానికి 'రాస్ప్‌బెర్రీ టార్ట్'. టార్ట్ ఎగిరిపోయింది, బూతు కూడా దాంతోపాటే పోయింది. చప్పుడు మాత్రం అచ్చం అదే!

దీనికి తోడు వచ్చే క్రియ 'బ్లో'. నా మొదటి సబ్‌టైటిల్ పనిలో 'పిల్ల తాత మీద రాస్ప్‌బెర్రీ ఊదింది' అని రాసి పంపాను. 'పండు ఊదడమేంటండీ?' అని ఫోన్. 'నాలుక బయటపెట్టి బుర్రుమని వెక్కిరించింది' అని ఉండాల్సింది. 'ఛీ కొట్టింది' అన్నా తప్పే. మన ఛీలో అసహ్యం ఉంటుంది, ఇందులో ఉన్నది కొంటెతనం కలిసిన చులకన.

అసలు మెలిక చిన్న మాటలో ఉంది. 'ఎట్' వస్తే వెక్కిరింపు: 'షి బ్లూ ఎ రాస్ప్‌బెర్రీ ఎట్ హిమ్'. 'ఆన్' వచ్చి, పక్కన పసిపాప పొట్ట ఉంటే ముద్దు. పొట్టకు పెదాలు ఆనించి ఊదితే పాప కిలకిలా నవ్వుతుందే, అదన్నమాట.

అమెరికాలో దీన్నే 'బ్రాంక్స్ చీర్' అంటారు. బ్రాంక్స్ న్యూయార్క్‌లో ఒక ప్రాంతం, చీర్ అంటే జేజేలు. పేరులోనే ఎత్తిపొడుపు. దీనికి 'బ్లో' కాదు, 'గివ్' వాడండి. రాస్ప్‌బెర్రీని కురచ చేస్తే 'రాజ్', ఆటపట్టించడం. చెత్త సినిమాలకు 1981 నుంచి ఇస్తున్న 'రాజీ' అవార్డుల పేరూ ఇక్కడిదే. 2005లో నటి హాలీ బెర్రీ తన ఆస్కార్‌ను చేత్తో పట్టుకుని మరీ వెళ్లి రాజీ అందుకుంది.

అభ్యాసం: తెలుగు చేయండి.
'ది క్రౌడ్ గేవ్ ది అంపైర్ ఎ బ్రాంక్స్ చీర్.'
'గ్రాండ్‌పా బ్లూ ఎ రాస్ప్‌బెర్రీ ఆన్ ద బేబీస్ టమ్మీ.'
రెండింట్లో ఎవరికి కోపం రావాలో కూడా రాయండి. జవాబులు 10వ పాఠంలో.